మోడైతే చచ్చినట్టా?

సంక్రాంతి వెళ్లిందంటే మన కాలనీల్లో ఒక తంతు మొదలవుతుంది. ఇంటికి రంగులు వేయించిన ఊపులో గేటు పక్కనున్న దేవగన్నేరు కంట్లో నలుసవుతుంది. ఆకు ఒక్కటి లేదు, పువ్వు సంగతి సరేసరి. బూడిదరంగు కొమ్మలు, వాటి నిండా ఆకులూడిన మచ్చలు. ‘చచ్చిపోయినట్టుంది, కొట్టించేద్దాం’ అంటాడు ఇంటాయన. ‘గుమ్మం ముందు మోడు మంచిది కాదు’ అని ఇంకొకరు వంతపాడతారు. ఈ వారం కూడా చెత్తబండ్లు ఆ కొమ్మల్ని మోస్తూనే ఉన్నాయి, తెగిన చోట తెల్లటి పాలు కారుతుండగానే. పాలు కారే చెట్టు చచ్చిన చెట్టు ఎలా అవుతుందన్నదే నా చిరాకు. దాన్ని కాసేపు అవతల పెట్టి, ఈ కొట్టివేతల వెనకున్న లెక్క సరైనదో కాదో చూద్దాం.

మన గుళ్లలో ఎంతగా కలిసిపోయినా దేవగన్నేరు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. అక్కడి పొడి అడవుల్లో ఏడాదిలో కొన్ని నెలలపాటు చినుకు జాడ ఉండదు. ఆకు ఉన్నంతకాలం చెట్టులోని నీరు ఆవిరవుతూనే ఉంటుంది. అందుకని ఆ చెట్టు ఖర్చు తగ్గించుకుంటుంది: ఆకులన్నీ వదిలేసి, కండపట్టిన కొమ్మల్లో దాచుకున్న నీటితో గడ్డుకాలం వెళ్లదీస్తుంది. యూరోపియన్ల ఓడలెక్కి వచ్చిన ఈ మొక్క తెలుగునేల మీద ఇంత సులువుగా కుదురుకోవడానికి కారణం కూడా అదే. మనకూ వానలు కొన్ని నెలలే, మన నల్లమల కూడా ఎండాకాలం ముందు ఆకు రాల్చే అడవే. ఇక్కడ దేవగన్నేరు సాధారణంగా డిసెంబరుకు ఆకు రాల్చి, మార్చి దాటేసరికి చిగురు పెడుతుంది. అనుమానం ఉన్నవాళ్లు కొమ్మ బెరడును గోటితో గీరి చూడవచ్చు. కింద పచ్చగా ఉండి, వేలితో నొక్కినా కొమ్మ గట్టిగా ఉంటే చెట్టుకు ఏమీ కాలేదు. ఈ పాటి పరీక్షకు ఒక్క నిమిషం కూడా పట్టదు. గొడ్డలివాణ్ని పిలిచేవాళ్లు దాన్ని ఎందుకు చెయ్యరో నాకు అంతుపట్టదు.

ఇంత ఆకు రాలితే ఊడ్చేది ఎవరన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే దేవగన్నేరు ఆకు వేపాకులా గాలికి చిల్లరగా చెదిరిపోదు. ఒక్కో ఆకు జానెడుకు పైనే ఉంటుంది, ఏరి తట్టలో వేసుకోవచ్చు. వానాకాలం చివర ఆకు అడుగున నారింజరంగు పొడిలా తుప్పు తెగులు కనిపిస్తే మాత్రం ఆ ఆకుల్ని పాదులో కుళ్లబెట్టకుండా దూరంగా పారెయ్యాలి. ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: ఆకు రాల్చని దేవగన్నేర్లు నర్సరీల్లో దొరుకుతుంటే ఈ మోడును భరించడం దేనికి? దొరికే మాట నిజం. పాముపడగ ఆకారపు ఆకులతో, ఏడాదిలో చాలా నెలలు తెల్లపూల గుత్తులతో ఉండే రకం ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తోంది. చూడముచ్చటగానే ఉంటుంది గానీ దాని పువ్వుకు వాసన లేనట్టే. వాసన ఉండి, ఆకు కూడా పెద్దగా రాలకూడదంటే గుండ్రటి కొసల ఆకులున్న తెల్లపూల రకం ఉంది, చోటున్నవాళ్లు దాన్ని నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు. కానీ పసుపు, గులాబీ, ఎరుపు కలిసిన ఆ రంగులూ చీకటి పడ్డాక చిక్కబడే ఆ పరిమళమూ కావాలంటే ఆకు రాల్చే రకాన్నే ఆశ్రయించాలి. ఆ పరిమళంలో ఒక మోసం ఉంది. పువ్వులో తేనె ఉండదు. రాత్రిపూట తిరిగే హాక్‌మాత్ అనే చిమ్మటలు తేనె ఉందనుకుని వచ్చి, ఏమీ దొరక్క పువ్వు పువ్వూ వెతుకుతూ పుప్పొడి మోస్తాయి. పైగా చిన్న ఇంటికి ఆకు రాల్చే చెట్టే లాభం. చలికాలంలో పొద్దుటి ఎండను వరండాలోకి రానిస్తుంది, వేసవి ముదిరే వేళకు గొడుగు పడుతుంది. ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలన్న కోరికతోనే కోనోకార్పస్ అనే చెట్టును ఊరూరా నాటాం. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటొద్దని నిషేధించాల్సి వచ్చింది.

కొట్టివేత వల్ల జరిగే అసలు నష్టం చెట్టు ఒడ్డూపొడుగులో కనిపించదు, పూతలో తెలుస్తుంది. దేవగన్నేరు కొమ్మ కొసనే పూస్తుంది. గుత్తి విచ్చాక దాని కిందనుంచి రెండు మూడు కొత్త కొమ్మలు చీలుతాయి, మళ్లీ వాటి కొసల్లోనే పూత. కత్తి తగలని చెట్టులో కొమ్మ చీలిన ప్రతిచోటా ఒకప్పుడు పూలగుత్తి ఉండేదని చెప్పొచ్చు. కొసలు పెరిగేకొద్దీ గుత్తులూ పెరుగుతాయి. మాఘంలో కొసలన్నీ నరికేస్తే ఆ వేసవిలో వచ్చేది చాలావరకు ఆకే.

ఇంతదాకా వచ్చాక కొట్టేవాడే ఈ చెట్టుకు మొదటి శత్రువని తేల్చేయాలి. ఆధారాలు అలా తేల్చనివ్వడం లేదు. నరికిన మొదలు మళ్లీ చిగురిస్తుంది. నరికిన కొమ్మ కూడా బతుకుతుంది. మూరెడు ముక్కను నీడలో వారం పది రోజులు ఆరబెట్టి, తెగిన చోటు గట్టిపడ్డాక ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, తడిపీ తడపనట్టు ఉంచితే వేరు పోస్తుంది. కత్తిరించేటప్పుడు పాలు కంట్లో పడకుండా చూసుకుంటే చాలు. అంటే గొడ్డలి దెబ్బకు పోయేది ఒక వేసవి పూత. మరోపక్క, ఆకు రాలింది, పాపం దాహమేమోనని మోడుకు రోజూ బకెట్టెడు నీళ్లు పోసేవాళ్లున్నారు. ఆకు లేని చెట్టు నీళ్లు తాగేది అంతంతమాత్రం. తడి ఆరని మట్టిలో, అందులోనూ అడుగున పళ్లెం పెట్టిన కుండీలో వేరు కుళ్లుతుంది. మొదలు మెత్తబడుతుంది. చివరికి నొక్కితే వేలు దిగబడుతుంది. కుళ్లు అక్కడిదాకా వచ్చాక ఆ మొదలు తిరిగి కోలుకోదు, పైన గట్టిగా మిగిలిన కొమ్మను కోసి మళ్లీ నాటుకోవడమొక్కటే దారి.

కొట్టేవాళ్ల మీద ఫిర్యాదును నేను వెనక్కి తీసుకోను గానీ, ముద్దాయిల వరసలో వాళ్లను రెండో చోటికి జరుపుతున్నాను. మొదటి చోటు మొక్కల్ని ప్రేమించే మనలాంటివాళ్లది. ఆకు రాలిన రోజు నుంచి కొత్త చిగురు కనబడేదాకా నేలలో ఉన్న దేవగన్నేరుకు నీళ్లు మానెయ్యండి, కుండీలో ఉంటే మట్టి పూర్తిగా ఎండాకే కాస్త పొయ్యండి. పక్కింటివాళ్లు నరికించిన కొమ్మ చెత్తబండి ఎక్కేలోగా ఒకటి అడిగి తెచ్చుకోండి.