మందు వేసేముందు శూకాలు చూడండి

కొత్తగూడ, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో చేపల తొట్టె ఇప్పుడు మామూలు సంగతి. గప్పీలతో మొదలుపెట్టినవాళ్లు చిన్న రొయ్యల దాకా వెళ్తున్నారు. కొన్ని నెలలకు అద్దం మీద వెంట్రుకంత సన్నటి తెల్ల పురుగులు కనిపిస్తాయి. ఒళ్లు జలదరిస్తుంది, వెంటనే మందు కోసం షాపుకి పరుగు. ఆ పరుగు ఆపి, ఒక పురుగును మైక్రోస్కోప్ కింద పెట్టి చూడమన్నదే నా కోరిక. పేరు తెలిశాక చాలాసార్లు మందే అక్కర్లేదు.

మొదటి ఆనవాలు నడక. ప్లనేరియా అనే పురుగు జారిపోతుంది. పొట్టకింది శైలికలే దాన్ని నడిపిస్తాయి కాబట్టి ఒళ్లు పెద్దగా మెలికలు తిరగదు. త్రికోణపు తల, రెండు కంటి చుక్కలు కనిపిస్తే ఇక సందేహం లేదు. నెమటోడ్ అనే పురుగు మాత్రం ఎస్ ఆకారంలో కొట్టుకుంటుంది. దాని ఒంట్లో నిలువు కండరాలే తప్ప వలయ కండరాలు లేవు, అందుకే సాగడం, ముడుచుకోవడం దానికి చేతకాదు. సాగుతూ ముడుచుకుంటూ పోయేది వానపాము చుట్టం, నాయిడిడ్ కుటుంబపు పురుగు. తొట్టెల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

దీన్ని గుర్తుపట్టడమే అసలు విద్య. డ్రాపర్‌తో స్లైడ్ మీదికి తీసి, పక్కన ఉప్పూ రంగూ లేని గోలీసోడా ఒక చుక్క కలపండి. అందులోని కార్బన్ డయాక్సైడ్‌కి పురుగు మత్తుగా పడుకుంటుంది. కవర్‌స్లిప్ నాలుగు మూలలా కాస్త వాసెలిన్ అద్దితే కింద నలిగిపోదు. నాలుగు రెట్ల లెన్సుతో వెతికి, పదితో తల ఎటో తేల్చుకుని, నలభైకి వెళ్లండి. అప్పుడు కనిపిస్తాయి శూకాలు, అంటే ముళ్లలాంటి సన్నటి వెంట్రుకలు, ఒంటి ఖండితం ఖండితానికీ కుచ్చులు కుచ్చులుగా. పొట్టవైపువి కొక్కేల్లా వంగి, కొన రెండుగా చీలి ఉంటాయి. వీపువైపు పొడవాటి వెంట్రుకల్లాంటివి ఉంటే, అవి ఎన్నో ఖండితం నుంచి మొదలయ్యాయో లెక్కపెట్టాలి. రెండో ఖండితం నుంచే ఉంటే ప్రిస్టినా. సాధారణంగా ఆరో ఖండితం దగ్గర మొదలైతే నాయిస్. తోక చివర వేళ్లలా మొప్పలు విచ్చుకుని ఉంటే డీరో. వీపున శూకాలే లేకుండా, అద్దంలా ఉండి నత్తల మీద తిరిగేది కీటోగాస్టర్. ఒక్కోసారి ఒంటి మధ్యలో రెండో తల తయారవుతూ కనిపిస్తుంది. అది జబ్బు కాదు, పురుగు రెండుగా విడిపోతోందన్నమాట. ఇది చూడటానికైనా మైక్రోస్కోప్ కొనొచ్చు.

ఈ లెక్కకు చాలా చరిత్ర ఉంది. 18వ శతాబ్దంలో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓటో ఫ్రెడరిక్ ముల్లర్ నాయిస్‌కి పేరు పెట్టారు. మన దేశపు జాతులను జె. స్టీఫెన్‌సన్ 1923లో ఒక సంపుటంగా తెచ్చారు. ఆ తర్వాతి పెద్ద పని కె. వనమాల నాయుడు గారిది. దక్షిణ భారత మంచినీటి పురుగుల మీద ఆయన వ్యాసాలు 1960ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వచ్చాయి. ఆయన వర్ణించిన ఒక జాతి అలోనాయిస్ రాయలసీమెన్సిస్. మన సీమ పేరు ప్రపంచ జాతుల జాబితాలో కొన్ని మిల్లీమీటర్ల పురుగు మీద నిలిచి ఉందంటే నాకు గర్వంగా ఉంటుంది. 2005లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఆయన గ్రంథాన్ని ప్రచురించింది. ఇంత పని వెనక ఉన్నది ఓపికగా చూసిన శూకాలే.

తేలిన పేరును బట్టే చేయవలసిన పని. ప్లనేరియా అయితే రొయ్యపిల్లలకు ప్రమాదమే. దాన్ని కోసి పారేద్దామనుకోవద్దు, ముక్కలు మళ్లీ పురుగులవుతాయి. ఫెన్‌బెండజోల్ అనే మందు వేస్తే అది చస్తుంది కానీ కొన్ని రకాల నత్తలూ దెబ్బతింటాయి, కాబట్టి నత్తలను ముందే వేరే తొట్టెకి మార్చాలి. నాయిస్, ప్రిస్టినా అయితే చేపకు ఏ హానీ లేదు. అవి కుప్పలుగా పెరిగాయంటే అడుగున మేత మిగిలి కుళ్లుతోందని అర్థం. మేత తగ్గించి, గులకరాళ్ల మధ్య మడ్డిని పైపుతో లాగేసి, వారానికోసారి కొంత నీళ్లు మారిస్తే వాటి సంఖ్య దానంతటదే పడిపోతుంది.