హద్దు, ఒక్క కాపీ, చివర సున్నా

లినక్స్ డ్రైవర్‌కు ఏదైనా ప్రోగ్రాం ఒక పేరు ఇచ్చిందంటే, దాని చేతికి అందేది అక్షరాలు కాదు, అవి ఉన్న చోటి చిరునామా మాత్రమే. అది చెల్లని చిరునామా కావచ్చు, ఏకంగా కెర్నల్ సొంత మెమరీదే కావచ్చు. అక్షరాల చివర సున్నా లేకపోవచ్చు. ఇటు చదువుతుండగానే అటు మరో థ్రెడ్ వాటిని మార్చేయవచ్చు. అందుకే కెర్నల్ రాసేవాళ్లలో ఒక పద్ధతి స్థిరపడింది: హద్దు పెట్టుకుని ఒక్కసారే కాపీ చేసుకోవాలి, చివర సున్నా ఉండేలా తామే చూసుకోవాలి, తనిఖీలన్నీ ఆ కాపీ మీదే చేయాలి. చూడ్డానికి ఛాదస్తంలా ఉన్నా, ఇందులో ఏ మెట్టు వదిలేసినా దాడికి దారి తెరిచినట్టే.

మొదటి గండం చిరునామా. కాపీ_ఫ్రమ్_యూజర్ ఫంక్షన్ అది యూజర్ పరిధిలోనిదో కాదో చూస్తుంది. మధ్యలో చదవలేని పేజీ తగిలినా కెర్నల్‌ను కూలనివ్వకుండా, ఎన్ని బైట్లు మిగిలిపోయాయో చెబుతుంది. ఈ తనిఖీ కొరవడితే ఏమవుతుందో 2013లో తేలింది. ఏఆర్‌ఎం ప్రాసెసర్ల పాత కెర్నళ్లలో గెట్_యూజర్, పుట్_యూజర్‌లు కొన్ని చిరునామాలను సరిచూడని లోపాన్ని వాడుకుని ఆండ్రాయిడ్ ఫోన్లపై దాడులు జరిగాయి. దానికి సీవీఈ-2013-6282 అని నంబరు పడింది.

రెండోది పొడవు. స్ట్ర్‌ఎన్‌డప్_యూజర్ ముందుగా స్ట్రింగ్ పొడవు కొలుస్తుంది, హద్దు దాటితే తిప్పికొడుతుంది, లేకుంటే కాపీ చేస్తుంది. ఆపైన చివరి బైటులో మళ్లీ సున్నా రాస్తుంది. కొలిచినప్పుడు అక్కడ సున్నానే ఉంది కదా, మళ్లీ ఎందుకు? కొలతకూ కాపీకీ నడుమ ప్రోగ్రాం ఆ సున్నాను చెరిపేసి ఉండొచ్చు గనక. స్ట్ర్‌ఎన్‌కాపీ_ఫ్రమ్_యూజర్ అలా చేయదు. స్ట్రింగ్ హద్దును మించితే సున్నా లేకుండానే హద్దు సంఖ్యను తిరిగిస్తుంది. దాన్ని చూసుకోవలసింది డ్రైవరే. లోపలికి వచ్చాక కూడా ఇదే జాగ్రత్త. స్ట్ర్‌ఎల్‌కాపీ మూలాన్ని చివరిదాకా చదువుతుంది కాబట్టి, సున్నా లేని స్ట్రింగ్ ఇస్తే హద్దు దాటిపోతుంది. 2015లో వచ్చిన స్ట్ర్‌ఎస్‌కాపీ హద్దు దగ్గరే ఆగి, స్ట్రింగ్ తెగిపోతే తప్పు సంకేతం ఇస్తుంది. 2024లో 6.8 వెర్షన్‌తో స్ట్ర్‌ఎల్‌కాపీని కెర్నల్ నుంచి తీసేశారు.

అదనపు కాపీతో వేగం తగ్గదా అంటారు. పేర్లూ, సెట్టింగులూ పదుల బైట్లకు మించవు; ఆ ఖర్చు సిస్టమ్ కాల్ ఖర్చులోనే కలిసిపోతుంది. ఈ డివైస్‌ను రూట్ తప్ప ఎవరూ తెరవరు కదా అంటారు. ఆ అనుమతులు డ్రైవర్ బయట నిర్ణయమయ్యేవి, రేపు మారొచ్చు. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎస్‌ఎంఏపీ ఉంది కదా అనే వాదనే కాస్త బలమైనది. యూజర్ మెమరీని కెర్నల్ నేరుగా తాకితే అది పట్టుకునే మాట నిజమే. కానీ కాపీ ఫంక్షన్లు తమ పని సాగేంతసేపూ ఆ కాపలాను పక్కన పెడతాయి. ఎంత కాపీ చేశారు, ఎన్నిసార్లు చదివారు అన్నది దానికి పట్టదు.

ఈ పద్ధతితో మరో లాభం సమీక్షలో కనిపిస్తుంది. యూజర్ చిరునామాలకు కెర్నల్‌లో __యూజర్ అనే గుర్తు తగిలిస్తారు. వాటిని నేరుగా వాడితే స్పార్స్ అనే పరికరం హెచ్చరిస్తుంది. స్ట్రింగ్‌ను ఒకే చోట కాపీ చేసుకున్న డ్రైవర్‌లో సమీక్షకుడు అనుమానంగా చూడవలసింది ఆ నాలుగు లైన్లే. అదే చిరునామాను పదిచోట్ల ముట్టుకున్న డ్రైవర్‌ను మాత్రం, ఎవరో ఒక కొత్త లైను చేర్చిన ప్రతిసారీ మొదటినుంచీ చదవాలి.