హద్దు దాటని కాపీ

మన దగ్గర ఇంజనీరింగ్ చదివినవాళ్లలో చాలామంది మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో 8086 మీద ఒక స్ట్రింగ్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చే ప్రోగ్రాం రాసే ఉంటారు. ఎక్కణ్నుంచి తేవాలో ఎస్‌ఐలో, ఎక్కడ పెట్టాలో డీఐలో, ఎన్ని బైట్లో సీఎక్స్‌లో వేసి, సీఎల్‌డీ కొట్టి, రెప్ మూవ్‌ఎస్‌బీ అంటే పని అయిపోయేది. రికార్డులో సంతకం కూడా పడేది. అక్కడ పొడవు ముందే తెలుసు కాబట్టి అంత తేలిక. సీ భాష స్ట్రింగ్‌తో ఆ సుఖం లేదు. చివరనున్న సున్నా బైట్ తగిలేదాకా దాని పొడవెంతో తెలియదు. దాన్ని అందుకోవాల్సిన బఫర్‌కేమో కొలత ఖరారై ఉంటుంది. ఈ రెండింటి మీదా కన్నేసి, ఒక్క బైట్ కూడా హద్దు దాటనివ్వని రొటీన్‌ను అసెంబ్లీలో రాయడం చిన్న పనే. కానీ చెయ్యితిరిగినవాళ్లు రాసింది చూస్తే ముచ్చటేస్తుంది.

సీ పెరిగి పెద్దదైన పీడీపీ-11 మెషీన్‌తోనే మొదలుపెడదాం. దాని మీద హద్దు లేని కాపీకి రెండే ఇన్‌స్ట్రక్షన్లు చాలు. మూవ్‌బీ ఒక బైట్‌ను చేరవేసి, రెండు పాయింటర్లనూ తానే ఒక్కో అడుగు ముందుకు జరుపుతుంది. వెళ్లిన బైట్ సున్నానా కాదా అన్నది ఫ్లాగ్‌లో రాసి పెడుతుంది కూడా. బీఎన్‌ఈ ఆ ఫ్లాగ్ చూసి, సున్నా కాకపోతే వెనక్కి పంపుతుంది. ఎంత ముద్దుగా ఉందో అంత ప్రమాదం కూడా. అవతల చోటెంత ఉందో ఇందులో అడిగినవాళ్లే లేరు. మానిక గిన్నెలో కుంచెడు బియ్యం పోస్తే నేల మీద పొర్లుతాయి. మెమరీలో నేల ఉండదు, పక్కవాళ్ల గిన్నెలోనే పడతాయి. 1988 నవంబర్ 2న బయటపడ్డ మోరిస్ వర్మ్ వ్యాక్స్ మెషీన్లలోకి దూరిన దారుల్లో ఒకటి ఇలాంటిదే. ఫింగర్ సర్వర్ 512 బైట్ల బఫర్‌లోకి, హద్దు అడగని గెట్స్ ఫంక్షన్‌తో చదివేది.

అదే పీడీపీ-11 కోడ్‌కు హద్దు కట్టాలంటే ఖర్చెంత? కొలతను ఒక రిజిస్టర్‌లో పెట్టి, ఎస్‌ఓబీ ఇన్‌స్ట్రక్షన్ చేర్చాలి. అది రిజిస్టర్‌లో ఒకటి తగ్గించి, సున్నా కాకపోతే వెనక్కి తిప్పుతుంది. మధ్యలో సున్నా బైట్ వస్తే బయటికి పోవడానికి ఒక బీఈక్యూ. అంతే, లూప్ మూడు ఇన్‌స్ట్రక్షన్లయింది. కొలత అయిపోయినా స్ట్రింగ్ అవకపోతే, పాయింటర్ అప్పటికి బఫర్ అంచు దాటి ఒక అడుగు అవతల నిలబడి ఉంటుంది. ఇక్కడ క్లియర్-బైట్‌ను వెనకడుగు పద్ధతిలో వాడితే, అది ముందు ఒక అడుగు వెనక్కి వేసి తర్వాత సున్నా రాస్తుంది. చివరి బైట్ సున్నా అయి కూర్చుంటుంది. ఆ ఒక్క వరుస నాకు భలే ఇష్టం.

అయితే కొలత మొదటే సున్నా అయితే? ఎస్‌ఓబీ ముందు ఒకటి తగ్గిస్తుంది కాబట్టి 16 బిట్ల రిజిస్టర్‌లో సున్నా కాస్తా 65535 అవుతుంది. రక్షణ కోసం రాసిన లూప్‌కు హద్దే లేకుండా పోయి, సున్నా బైట్ తగిలేదాకా బఫర్ అవతలి మెమరీని తొక్కుకుంటూ పోతుంది. 8086 లూప్ ఇన్‌స్ట్రక్షన్‌కూ ఇదే జబ్బు, జేసీఎక్స్‌జెడ్ దానికి మందు. హద్దున్న కాపీలో మొదటి పరీక్ష సున్నా కొలతకే పెట్టాలి.

యూనిక్స్‌లో స్ట్రింగ్-ఎన్-కాపీ అన్నది 1979 నాటి ఏడో ఎడిషన్‌కే ఉంది. కానీ అది 14 బైట్ల ఫైల్ పేర్ల గడి నింపడానికి సరిపోయే వాటం. గడి నిండితే చివర సున్నా పెట్టదు, నిండకపోతే మిగిలిందంతా సున్నాలతో నింపుతుంది. 1024 బైట్ల బఫర్‌లోకి 10 అక్షరాలు కాపీ చేస్తే 1014 సున్నాలు రాస్తుంది. దాన్ని జాగ్రత్త కోసం వాడమని బోధించడం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

సరైన జవాబు ఓపెన్‌బీఎస్‌డీ నుంచి వచ్చింది. టాడ్ మిల్లర్, థియో డి రాట్ తయారుచేసిన స్ట్రింగ్-ఎల్-కాపీ 1998లో 2.4 వెర్షన్‌తో వెలువడింది. కొలత సున్నా కానంత వరకు చివర సున్నా ఖాయం. తిరిగిచ్చే విలువ కాపీ అయినంత కాదు, మూల స్ట్రింగ్ పూర్తి పొడవు. అది బఫర్ కొలతకు సమానమైనా, ఎక్కువైనా స్ట్రింగ్ తెగిందని పిలిచినవాళ్లకు ఒక్క పోలికతో తెలిసిపోతుంది. అసెంబ్లీలో ఆ పోలిక రాసేటప్పుడు జేఎల్ కాకుండా జేబీ వాడాలి. కొలతకు మైనస్ గుర్తు లేదన్న సంగతి సీలో అయితే కంపైలర్ చూసుకుంటుంది, ఇక్కడ రాసేవాళ్లే గుర్తుంచుకోవాలి.

ఇప్పటి 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ చిప్పుల మీద ఈ పని 16 బైట్ల చొప్పున సాగుతుంది. ఒక చిక్కు: స్ట్రింగ్ చివర ఎక్కడో తెలియకుండా ఒకేసారి 16 బైట్లు చదివితే, మనది కాని పేజీలో కాలు పెట్టి ప్రోగ్రాం కూలిపోవచ్చు. దీనికి ఉపాయం, చదివే చిరునామాను 16తో భాగింపబడేలా కిందికి దించడం. పేజీ 4096 బైట్లు, అంటే సరిగ్గా 256 ముక్కలు. అలా సర్దిన ముక్క ఎప్పుడూ రెండు పేజీల మీదికి రాదు. అందులో ఒక్క బైట్ మన స్ట్రింగ్‌దైతే మిగతా 15 కూడా చదవదగ్గవే. చదవడంలో ఈ చనువు తీసుకోవచ్చు, రాయడంలో మాత్రం కుదరదు.

ముక్కను సున్నాలతో పోల్చితే 16 బిట్ల మాస్క్ వస్తుంది. సున్నా బైట్ ఉన్నచోట 1. మరి బఫర్ అంచు? ఫ్రీబీఎస్‌డీలో రాబర్ట్ క్లౌసెకర్ రాసిన రొటీన్లలో నాకు అన్నిటికన్నా నచ్చిన పట్టు ఇక్కడే ఉంది. బఫర్ ఎక్కడ ముగుస్తుందో ఆ స్థానంలోనూ ఒక 1 పెట్టేస్తారు, అక్కడో సున్నా బైట్ ఉన్నట్టు. ఇక మొదటి 1 ఎక్కడుందో వెతికితే చాలు. స్ట్రింగ్ ముందు అయిందా, బఫర్ ముందు అయిందా అన్న రెండు ప్రశ్నలు ఒకటైపోయాయి. పైగా మాస్క్‌లో అసలు 1 లేకపోవడమనే బెడద కూడా అక్కడ తీరిపోయింది.

16 బైట్లకు చాలకుండా మిగిలిన తోకను కాపీ చేయడం ఇంకో సొగసు. విజయవాడ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 10, సున్నాతో 11 బైట్లు. బైట్ తర్వాత బైట్‌గా తిప్పక్కర్లేదు. మొదటి 8 బైట్లు ఒక దెబ్బకు, నాలుగో బైట్ నుంచి పదకొండో బైట్ దాకా మరో దెబ్బకు. మధ్యలో 5 బైట్లు రెండుసార్లు పడతాయి, అవే విలువలు కాబట్టి నష్టం లేదు. పన్నెండో బైట్‌ను ఎవరూ తాకరు.

అదే విజయవాడను తెలుగు లిపిలో రాస్తే యూటీఎఫ్-8లో 21 బైట్లు, సున్నాతో 22. దాన్ని 12 బైట్ల బఫర్‌లోకి కాపీ చేస్తే ‘య’ మూడు బైట్లలో రెండే మిగిలి అక్షరం విరుగుతుంది. 16 బైట్ల బఫర్ అయితే ‘విజయవ’ దగ్గర ఆగుతుంది, బైట్లు సవ్యమే కానీ దీర్ఘం పోయింది. స్ట్రింగ్-ఎల్-కాపీకి తెలిసింది బైట్లే, అక్షరాలు కావు. మెమరీని కాపాడటం వరకే దాని బాధ్యత. 21 అని తిరిగి చెప్పింది కదా, తెగిందని గ్రహించాల్సింది పిలిచినవాళ్లు.

స్ట్రింగ్-ఎల్-కాపీ మీద న్యాయమైన ఫిర్యాదు ఒకటుంది. పొడవు చెప్పడానికి మూల స్ట్రింగ్‌ను చివరిదాకా చదివి తీరాలి. దానికి సున్నాయే లేకపోతే చదువుతూ ఎక్కడికో పోతుంది. అందుకే లైనక్స్ కర్నెల్ దీన్ని వదిలి వేరే ఫంక్షన్‌కు మళ్లి, 2024లో 6.8 వెర్షన్‌తో పూర్తిగా తీసేసింది. చిత్రంగా అదే ఏడాది పోసిక్స్ ప్రమాణంలో దీనికి చోటు దక్కింది. ఎన్నో ఏళ్లు వద్దన్న గ్లిబ్‌సీ కూడా 2023లో 2.38 వెర్షన్‌తో చేర్చుకుంది.

అసెంబ్లీ మీద ఆసక్తి ఉన్న విద్యార్థులు ఓపెన్‌బీఎస్‌డీలోని స్ట్రింగ్-ఎల్-కాపీ సీ ఫైల్‌ను ఒకసారి చదివి, తమ చేత్తో ఒక రొటీన్ రాసి చూడాలి. పరీక్షించేటప్పుడు కొలతగా 0, 1, స్ట్రింగ్ పొడవు, దానికి ఒకటి ఎక్కువ తప్పకుండా ఇవ్వండి. స్ట్రింగ్ చివరి సున్నాను ఒక పేజీ చివరి బైట్‌లో పెట్టి, తర్వాతి పేజీని ఎంప్రొటెక్ట్‌తో మూసేయండి. బఫర్‌కూ అలాగే చేయండి. పదహారు స్థానాల్లో ఎక్కడ మొదలుపెట్టినా కూలకపోతే అప్పుడు మీ రొటీన్‌ను నమ్మవచ్చు.