కరువు సీమ పడవ

కొయ్య పడవకు తుఫానుకంటే ఎండే పెద్ద శత్రువు. నెలల తరబడి గట్టున పడుంటే పలకలు ఎండి కుంచించుకుపోతాయి, అతుకులు విచ్చుకుంటాయి. మళ్లీ దించగానే సందుల్లోంచి నీళ్లు. కోరంగి పక్కన తాళ్లరేవు వడ్రంగులు తరతరాలుగా తెరచాప ఓడలు కట్టగలిగారంటే వాళ్ల ముంగిట్లో గోదావరి పాయలున్నాయి, ఆ వెనకే సముద్రం. ఆ ఓడనే తెచ్చి మా బుక్కరాయసముద్రం చెరువులో వదిలితే, రెండు కరువులు గడిచేసరికి వంటచెరకు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లా మాది, అదీ కురిస్తే!

అందుకే మాకు పుట్టి అనే బుట్ట పడవ. వెదురు బద్దలను నేలమీద పరిచి, నడిమధ్య నుంచి అల్లుకుంటూ పోతారు. అడుగు కావలసినంత వెడల్పయ్యాక దానిమీద రాళ్లు పేర్చి, బద్దల కొసలను పైకి వంచుతారు. అంచు చుట్టూ మరిన్ని బద్దలు చేర్చి లావుగా బిగిస్తారు. పుట్టి బిగువంతా ఆ అంచులోనే ఉంది. పూర్వం బయట తోలు తొడిగేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కుట్టి తారు పూస్తున్నారు. చెరువులో మునిగిన తుమ్మ కంప గీరుకుని చిరిగిందా, ఓ ముక్క అతికి తారు పులిమితే సరి. చేపలవాళ్ల చిన్న పుట్టినైతే ఒక్కడే నెత్తిన బోర్లించుకుని పక్క చెరువుకు నడిచిపోతాడు. నీళ్లు ఎక్కడుంటే పడవ అక్కడికే.

1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ తోలు పుట్టిలను చూశాడు. పదిహేను ఇరవైమంది పడతారనీ, సూటిగా పోలేక తిరుగుతూనే ఉంటాయనీ, ఈ రాజ్యంలోని ఏరుల్లో వేరే పడవే లేదనీ రాశాడు. తిరుగుతూనే ఉంటాయన్న మాట నేనొప్పుకోను. పక్క నుంచి తోస్తే తిరుగుతుంది నిజమే. ముందు అంచు దగ్గర కూర్చుని తెడ్డుతో నీళ్లను తనవైపు లాక్కుంటే బుద్ధిగా ముందుకే పోతుంది. 1803లో మరాఠాల మీదికి దండెత్తిన ఆర్థర్ వెల్లెస్లీ నదులు దాటడానికి ఈ బుట్ట పడవలనే చేయించాడు. తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించింది ఆయనే.

తుంగభద్ర ఎగువ కాలువ, హంద్రీ–నీవా పుణ్యమా అని మా చెరువులు కొన్నింటికి పొరుగు నదుల నీళ్లొచ్చాయి. నీళ్లతో చేపలు, చేపలతో వలలు. ఇప్పుడు ఫైబర్ పుట్టిలూ వచ్చాయి. తారు బాధ లేదు, తోలు బాధ లేదు; జాలరి వాటివైపు మొగ్గితే తప్పుపట్టలేం. కాకపోతే ఫైబర్ పగిలితే సరిచేసేవాడు ఊళ్లో దొరకడు, వెదురు పుట్టికి మేదరి ఇల్లు చాలు. ఫైబర్ పుట్టికి సబ్సిడీ ఇచ్చే చేత్తోనే, ఆ మేదరికి నాలుగు వెదురు బొంగుల ఖర్చు కూడా ఇస్తే ఖజానాకు పెద్ద లోటేమీ రాదు.