చట్టం చేసిన పాత్రచిత్రణ

ఓ హెన్రీ కథలను మెచ్చుకొనేవారు సాధారణంగా వాటి చివరి మలుపునే మెచ్చుకొంటారు. 1904లో వెలువడిన ‘ది కాప్ అండ్ ది ఆంథెమ్’కు ఈ మెప్పు వల్ల మేలుకంటె కీడే ఎక్కువ జరిగినది. న్యూయార్కు ఉద్యానంలో బల్లపై పడుకొనే సోపీ, చలికాలం మూడు నెలలు జైలులో తలదాచుకొనుటకై నేరం చేయబూనుతాడు. ఎన్ని చేసినా అతనిని పట్టుకొనేవాడు లేడు. చర్చి సంగీతం విని, రేపటినుండి పనిచేసి బ్రతుకుదామని నిశ్చయించుకొన్న క్షణాననే పోలీసు వచ్చి చేయి పట్టుకొంటాడు. విధి వైపరీత్యమని నవ్వుకొని పాఠకుడు పుట త్రిప్పివేస్తాడు.

నిజానికి ఈ కథలో విధి చేసినది స్వల్పం; పోలీసులూ హోటలు సేవకులూ చేసినదే అధికం. సోపీ తాగినవానివలె వీధిలో కేకలు వేసి గంతులు వేసినప్పుడు, పోలీసు అతనిని ఏల్ కళాశాల విద్యార్థి అనుకొంటాడు. ఆటలో గెలిచిన సంబరమనీ, వారి జోలికి పోవద్దని ఉత్తర్వులున్నవనీ పక్కవానితో చెప్తాడు. కథకు ప్రాణం ఇక్కడ ఉన్నది. వీధిలో అల్లరి కూడదన్న నిబంధన అందరికీ ఒక్కటే; ఎవరిని చూచీ చూడనట్లు వదలవలెనో చెప్పే ఉత్తర్వు మాత్రం వేరు. అద్దం పగులగొట్టి సోపీ అక్కడే నిలిచి నేనే చేసినానన్నా పోలీసు నమ్మడు. దోషి పారిపోవలెను గదా! తుదకు ఏమీ చేయక, నిర్జనమైన వీధిలో చర్చి కంచె పట్టుకొని నిలిచినప్పుడే అతడు దిక్కులేనివానిగా కంటబడినాడు. శిక్ష పడినది చేసిన పనికి కాదు, కనబడిన తీరుకు.

అంతకు మూడేండ్ల ముందే అనతోల్ ఫ్రాన్స్ ఇదే సత్యాన్ని మరింత కఠినంగా చెప్పినాడు. ‘క్రాంక్‌బీ’లోని ముసలి వర్తకుడు పారిస్ వీధులలో తోపుడుబండిపై కూరలు అమ్ముకొంటాడు. కదలమని పోలీసు ఆజ్ఞ. రావలసిన పద్నాలుగు సూల కోసం అతడు ఆగవలసివచ్చినది. బండ్ల రద్దీలో కదలుటకు దారియైనా లేదు. అనని మాట అన్నాడని 15 రోజుల జైలు, 50 ఫ్రాంకుల జరిమానా పడినవి. అనలేదని ఒక డాక్టరు సాక్ష్యం చెప్పినా ఫలితం లేకపోయినది. జైలునుండి వచ్చిన తరువాత కొనేవారు ముఖం చాటుచేసినారు. బేరం పోయినది, గూడూ పోయినది. జైలు నీడకోసం ఆ మాటనే ఈసారి కావాలని వానలో నిలిచిన మరొక పోలీసుతో అంటే, అతడు పట్టుకొననే లేదు. ఓ హెన్రీ పాఠకుని నవ్వించి విడిచిపెట్టినాడు. ఫ్రాన్స్ అంత దయ చూపలేదు. ఆ కారణంగానే ఫ్రాన్స్ కథ మిన్న.

ఇవి పరదేశపు వ్యంగ్యరచనలని కొందరికి తోచవచ్చు. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం చదివినవారికి అట్లు తోచదు. చేయి చాచి అడుగుట మాత్రమే అందులో భిక్షాటన కాదు. కంటికి కనిపించే జీవనాధారం లేక, బిచ్చమెత్తి బ్రతుకుతున్నట్లు తోచే స్థితిలో బహిరంగస్థలంలో తిరుగుట, ఉండుట కూడ భిక్షాటనే. మొదటిసారి దొరికితే ఒకటినుండి మూడేండ్ల నిర్బంధం, మరల దొరికితే పదేండ్ల వరకు. ఇది పనిని నిర్వచించే వాక్యం కాదు, పాత్రచిత్రణ. అదీ నాసిరకం నవలాకారుడు చేసేది. ఆ ఆంగ్లవాక్యాన్ని తెనిగించబోతే లోపం తేటపడుతుంది. ‘తోచుట’ అన్న క్రియకు తెలుగులో ‘ఎవరికి’ అన్న మాట కావలెను. చట్టం దానిని చెప్పలేదు. వీధిలో నిలిచిన పోలీసు ఆ ఖాళీని పూరిస్తాడు. ఢిల్లీకి విస్తరించిన ఈ చట్టంలోని ముఖ్య విభాగాలను అక్కడి హైకోర్టు కొట్టివేయుటకు 2018 రావలసివచ్చినది.

దానికి ముందటి ఏడు, 2017 నవంబరులో, అంతర్జాతీయ వ్యాపారవేత్తల సదస్సు సమీపిస్తుండగా హైదరాబాదులో బహిరంగస్థలాలలో భిక్షాటనను పోలీసు ఉత్తర్వు నిషేధించినది. వాహనాల రాకపోకలకు ప్రమాదమన్నది అందులో చెప్పిన కారణాలలో ఒకటి. బిచ్చగాండ్రను జైలు ఆవరణలలోని ఆశ్రమాలకు తరలించినారు. క్రాంక్‌బీ బండి కూడ రాకపోకలకు అడ్డమే!

మన రచయితలు దిక్కులేనివారిని చూడలేదనుట అన్యాయం. ‘భిక్షువర్షీయసి’లో శ్రీశ్రీ ఆ ముసలమ్మ చావుకు బాధ్యులెవరని నిలదీసినాడు. ఆ ప్రశ్న లోకమంతటినీ ఉద్దేశించినది. ఆమెను అక్కడినుండి లెమ్మనే లాఠీ ఆ గేయంలో లేదు. ఆ తరువాత వచ్చిన కథలు అనేకం ఆ ప్రశ్ననైనా వేయక జాలి దగ్గరనే ఆగిపోయినవి. జాలిపడే కథకుడు వీధిలో పడుకొన్న మనిషిని ఎంత కనికరంతో వర్ణించినా, చినిగిన బట్ట, మాసిన తల, చాచిన చేయి — చట్టం ఎన్నుకొన్న గుర్తులనే తానూ ఎన్నుకొంటున్నాడు. రావిశాస్త్రి దారి వేరు. వృత్తిరీత్యా న్యాయవాది కావున, ‘ఆరు సారా కథలు’లో మద్యనిషేధ చట్టం పోలీసు చేతినుండి ప్లీడరు చేతికి ఎట్లు మారుతుందో, మధ్యలో ఏ పేదది నలుగుతుందో చూపినాడు. కాలిబాటమీద రాత్రివేళ ఎవరిని లేపుతారు, ఎవరిని లేపరు, లేపేవానికి అందిన ఉత్తర్వేమిటి అన్న లెక్కను అంత నిర్దాక్షిణ్యంగా తీసిన కథలు తెలుగులో అరుదు.