మన సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో యంత్రమూ చదువూ

నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో ఇంజనీరింగ్ చదువుతున్న యువకులతో సాహిత్యం గురించి మాట్లాడబోతే, సంభాషణ ఐదు నిమిషాల్లో సినిమా మీదికీ, పది నిమిషాల్లో సెల్‌ఫోను మీదికీ మళ్ళుతుంది. ఇందులో విచారించవలసింది ఏమీ లేదు. అయితే ఆ సంభాషణల్లో తరచు దొర్లే కొన్ని మాటలున్నాయి. టెక్నాలజీ తన దారిన తాను పెరుగుతుంది, దానికి కులమూ వర్గమూ లేవు అంటారు. సైన్స్ ఫిక్షన్ సినిమాలు చూస్తే సైన్సు దానంతటదే వంటబడుతుంది అంటారు. అడిగిందల్లా చెప్పే యంత్రం చేతిలో ఉన్నాక కూర్చుని నేర్చుకోవలసిన అవసరం ఇకమీదట ఉండదని కూడా అంటారు. వీటిని కాలక్షేపం కబుర్లుగా తోసెయ్యడం సరికాదు. ఒక తరం తన భవిష్యత్తు గురించి చేసుకున్న అంచనాలు ఈ మాటల్లో ఉన్నాయి. అవి ఎక్కడినుంచి వచ్చాయని వెతుక్కుంటూ పోతే పాఠ్యపుస్తకాల కంటె ముందు మన సినిమాలే తగులుతాయి. సాంఘిక చిత్రాల గురించీ, పౌరాణికాల గురించీ పేజీలు రాసిన మన విమర్శ ఈ సినిమాలను పిల్లల సరదాగా వదిలేసింది.

మన సినిమా యంత్రాలకు పూర్వీకురాలు 1957 నాటి 'మాయాబజార్'లోని ప్రియదర్శిని పెట్టె. మూత తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. ఇవాళ వీడియో కాల్‌ను చూపించి 'మనవాళ్ళు ఆనాడే ఊహించారు' అని మురిసిపోయేవాళ్ళున్నారు. కె.వి. రెడ్డి ఎంతో సొగసుగా, కొంత చిలిపిగా చేసిన కల్పనను పేటెంటు దస్తావేజుగా మార్చడం ఆ చిత్రానికీ గౌరవం కాదు, సైన్సుకూ కాదు. ఆ పెట్టెకు అసలైన పోలిక వేరేచోట ఉంది. మన చేతిలోని ఫోను నిన్న మనం దేన్ని ఇష్టపడి చూశామో లెక్కగట్టి ఇవాళ అటువంటిదే ముందుకు తోస్తుంది. ప్రకటనలు అమ్ముకునే కంపెనీలకు ఆ లెక్కే పెట్టుబడి. ప్రియమైనదాన్నే చూపించే పెట్టె ఎంత గొప్పదైనా దాని దగ్గర మనిషి కొత్తగా నేర్చుకునేది స్వల్పం. తెలియనిదీ, రుచించనిదీ ఎదురుపడినప్పుడు కదా చదువు మొదలయ్యేది!

ఆ పెట్టె లోపల ఏముందని 'మాయాబజార్'లో ఎవరూ అడగరు. పౌరాణికంలో అడగనక్కరలేదు కూడా. సైన్సు పేరు చెప్పి తీసిన చిత్రాల్లోనూ అడగకపోవడమే చిక్కు.

కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడుగా పని నేర్చుకున్న సింగీతం శ్రీనివాసరావు 1991లో 'ఆదిత్య 369' తీశారు. తెలుగు ప్రేక్షకుడికి కాలయంత్రం అనే ఊహను కుటుంబంతో కూర్చుని చూసే కథగా అందించిన చిత్రం అది. దాని మంచి దానికుంది. కథను కదిలించేది ఒక పిల్లవాడి కుతూహలం. మ్యూజియం చూడబోయిన కుర్రవాడు అక్కడ వజ్రం దొంగతనానికి సాక్షి అవుతాడు. కథ అక్కడినుంచి 1526 నాటి విజయనగరానికీ, తరవాత 2504కూ పోతుంది. ఆ భవిష్యత్తులో మూడవ ప్రపంచయుద్ధం జరిగిపోయి ఉంటుంది, అణుధార్మికతకు భయపడి జనం భూగర్భంలో బతుకుతుంటారు. వినోదం కోసం తీసిన సినిమాలో అణ్వస్త్రాల భయాన్ని అంత సూటిగా చూపిన దర్శకుణ్ణి మెచ్చుకోవలసిందే.

ఈ చిత్రానికి ప్రేరణ హెచ్.జి. వెల్స్ 1895లో ప్రకటించిన 'ది టైమ్ మెషీన్' నవల. వెల్స్ తన ప్రయాణికుణ్ణి 802701వ సంవత్సరానికి తీసుకుపోయాడు. అక్కడ మానవజాతి రెండు జాతులుగా చీలిపోయి ఉంటుంది. నేలపైన ఎండలో పువ్వులతో ఆడుకునే ఎలాయ్‌లు, నేలకింద చీకట్లో యంత్రాలు నడిపే మార్లాక్‌లు. పైవాళ్ళు ఒకనాటి సోమరి యజమానుల సంతానం, కిందివాళ్ళు ఒకనాటి కార్మికుల సంతానం. కిందివాళ్ళు పైవాళ్ళకు తిండీ బట్టా సమకూర్చి, చివరకు వాళ్ళనే తింటారు. విక్టోరియా కాలపు ఇంగ్లండులో కార్మికుణ్ణి కంటికి కనిపించకుండా గనుల్లోకీ నేలమాళిగల్లోకీ తోసిన తీరు ఇలాగే సాగితే ఎక్కడ తేలుతుంది అన్నది వెల్స్ ప్రశ్న. కాలయంత్రం ఆ ప్రశ్న దగ్గరికి పోవడానికి ఒక వాహనం మాత్రమే. మన చిత్రం వాహనాన్ని తెచ్చుకుంది, ప్రశ్నను అక్కడే దించేసి వచ్చింది. భూగర్భం మనదగ్గర రేడియేషన్‌నుంచి తలదాచుకునే చోటు అయింది. అక్కడ ఎవరు పని చేస్తున్నారో, ఎవరు కూర్చుని తింటున్నారో మనకు తెలియదు.

యంత్రం కట్టిన ప్రొఫెసర్ సంగతీ అంతే. ఇంట్లో ఒంటరిగా ప్రయోగం చేసుకునే మేధావి ఆయన. ఆయనకు ఇనుము కోసిపెట్టినవాడు లేడు, పక్కన కూర్చుని నేర్చుకున్న శిష్యుడు లేడు. రుషి తపస్సు చేసి అస్త్రం సంపాదిస్తాడు, దాన్ని వీరుడు ప్రయోగిస్తాడు. ఈ పాత చట్రంలో యంత్రాన్ని కూర్చోబెట్టాం. కారంపూడిలో వీరుల ఆయుధాలకు మొక్కే పలనాటి ప్రేక్షకుడికి ఇది చాలా పరిచితమైన భావన. దసరానాడు ట్రాక్టరుకు బొట్టు పెట్టినంత భక్తితో తెరమీది యంత్రాన్నీ చూస్తాడు.

2010లో తమిళంనుంచి వచ్చిన శంకర్ చిత్రం 'రోబో'లో కొంత ముందడుగు ఉంది. శాస్త్రజ్ఞుడు పదేళ్ళు కష్టపడ్డాడని చెబుతారు. కాని ఆ పదేళ్ళు తెరమీద కొద్ది నిమిషాలు. ప్రయోగశాలలో పని చేసే సహాయకులిద్దరూ హాస్యపాత్రలు. చాకిరీ చేసేవాణ్ణి చూసి నవ్వమనడం మన సినిమాకు పాత అలవాటే. అసలు రోబో అన్న మాట పుట్టుకే వేరు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన 'ఆర్.యు.ఆర్.' నాటకం ద్వారా అది లోకంలోకి వచ్చింది. దానికి మూలం చెక్ భాషలోని 'రోబోట'. ప్రభువు పొలంలో కూలి లేకుండా చెయ్యవలసిన నిర్బంధ చాకిరీ. తెలుగులో మనకు ఆ మాటకు నిఘంటువు అక్కరలేదు, వెట్టి అంటే చాలు. చాపెక్ నాటకంలో వెట్టివాళ్ళు తిరగబడతారు. మన రోబో కూడా తిరగబడుతుంది గాని, కథానాయిక మీద మోహంతో!

అయినా ఆ చిత్రం చివర ఒక దృశ్యం ఉంది. 2030లో బడిపిల్లలు మ్యూజియానికి వస్తారు. విడదీసి పెట్టిన రోబోను చూసి ఇంత తెలివైనదాన్ని ఎందుకు విప్పేశారని ఒక పాప అడుగుతుంది. ఆలోచించడం మొదలుపెట్టినందుకని రోబో తల జవాబు చెబుతుంది. మూడు గంటల హోరులో సైన్స్ ఫిక్షన్ అనదగిన క్షణం ఇదొక్కటే అని నా అభిప్రాయం. పుస్తకాలను క్షణాల్లో మింగినంతకాలం ఆ యంత్రాన్ని అందరూ ముద్దుచేశారు. తనంతట తాను ఆలోచించగానే విప్పేశారు. ఈ మాట యంత్రానికే వర్తిస్తుందా? మార్కులకోసం మింగే విద్యార్థిని మెచ్చుకుని, ప్రశ్న వేసే విద్యార్థిని కూర్చోమనే తరగతిగదులు మనకు తెలియనివా?

ఇక 2024లో వచ్చిన నాగ్ అశ్విన్ చిత్రం 'కల్కి 2898 ఏడీ'. వెల్స్ దగ్గర మనం వదిలేసి వచ్చిన పైకింది లోకాలు ఇందులో కనిపిస్తాయి. ఎండిపోయిన గంగ ఒడ్డున కాశీలో ఆకలితో మాడే జనం, పైన ఆకాశంలో తిరగేసిన పిరమిడ్‌లాంటి కాంప్లెక్స్‌లో నీళ్ళూ పచ్చదనమూ. వనరులు ఎటు పోయాయో ఒక్క చట్రంలో చూపిన ఆ దృశ్యకల్పనకు జోహార్లు చెప్పాలి. ఆడవాళ్ళ గర్భాలను ప్రయోగశాలలో ముడిసరుకుగా వాడుకోవడాన్నీ చిత్రం తప్పించుకోకుండా చూపింది. మరి కథానాయకుడు భైరవ కోరిక ఏమిటి? పది లక్షల యూనిట్లు కూడబెట్టి కాంప్లెక్స్‌లోకి ప్రవేశం కొనుక్కోవడం. దాన్ని కూల్చాలని గాని, నీళ్ళు కిందికి దించాలని గాని అతనికి లేదు. మన పల్లెల్లో ఎకరం అమ్మి కోచింగ్ ఫీజు కట్టి, మరో ఎకరం అమ్మి వీసాకు సిద్ధపడే కుటుంబానికి ఈ యూనిట్ల లెక్క వివరించనక్కరలేదు. భైరవను చూసి యువకులు ఈలలు వెయ్యడంలో కారు వేగం ఒక్కటే కారణం కాదు. శంబలలో తిరుగుబాటుదారులున్న మాట నిజమే. కాని వాళ్ళ ఎదురుచూపంతా పుట్టబోయే అవతారం కోసం. భవిష్యత్తును ఇంత ధైర్యంగా గీసిన చిత్రకారుడు దాన్ని మార్చే పనిని పురాణానికి అప్పగించాడు.

పలనాడు యంత్రాన్ని ఎరగని ప్రాంతం కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్ ఇక్కడి సరిహద్దునే ఉంది. 124 మీటర్ల ఎత్తున్న ఆ ఆనకట్ట ప్రధానంగా రాతికట్టడం. పాలమూరు కూలీలూ, రాళ్ళు కొట్టే వడ్డెరలూ మోసి పేర్చిన రాళ్ళు అవి. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ కింద మెట్టచేలు మాగాణులయ్యాయి. దానికోసం ఇక్ష్వాకుల విజయపురి లోయ నీట మునిగింది. మునిగేలోగా, 1954నుంచి 1960దాకా తవ్వి, బౌద్ధ విహారాల శిథిలాలను కొన్నింటిని కొండమీదికీ, కొన్నింటిని అనుపుకూ చేర్చి తిరిగి నిలబెట్టారు. ఒక పాత విద్యాకేంద్రాన్ని ముంచి కొత్త విజ్ఞానం నిలబడిన చోటు ఇది. లెక్కలు వేసిన ఇంజనీరు, తట్ట మోసిన కూలీ, ఊరు వదిలిన రైతు, మట్టి జల్లెడపట్టిన పురాతత్వవేత్త ఒకే కథలో ఉన్నారు. ఇంతకంటె పెద్ద వస్తువు ఏ సైన్స్ ఫిక్షన్ రచయితకు దొరుకుతుంది? మనం మాత్రం అక్కడికి పాటల చిత్రీకరణకు పోతాం.

నేర్చుకోవడం అంటే ఏమిటో చూడదలచినవాళ్ళు ఏ చిన్న పట్నంలోనైనా మోటారు వైండింగ్ షాపుకు పోవచ్చు. కాలిపోయిన బోరు మోటారు తెస్తారు. పాత తీగ విప్పుతూ కుర్రవాడు చుట్లు లెక్కపెడతాడు, తీగ మందం చూస్తాడు, గాడుల్లో కాగితం పరుస్తాడు, అన్నే చుట్లు మళ్ళీ చుడతాడు, వార్నిష్ పోసి ఆరబెడతాడు. చుట్టు తప్పితే మోటారు వేడెక్కి మళ్ళీ కాలుతుంది. అంటే ప్రకృతి అతని జవాబుపత్రాన్ని వెంటనే దిద్దుతుంది. అతనికి విద్యుదయస్కాంత సిద్ధాంతం ఎవరూ చెప్పలేదు, ఆ సిద్ధాంతం చదివిన ఇంజనీరింగ్ విద్యార్థి చేతికి తీగ ఎవరూ ఇవ్వలేదు. ఈ రెండు చదువులూ కలవకుండా కట్టిన గోడ వర్ణవ్యవస్థ అంత పాతది. కర్మాగారాలు వచ్చినా అది కదల్లేదు.

కాబట్టి, 2022 చివర వచ్చిన మాట్లాడే యంత్రాలు చదువును పాడుచేస్తున్నాయన్న గగ్గోలును నేను పూర్తిగా ఒప్పుకోను. సీనియర్ రికార్డు చూసి ల్యాబ్ రికార్డు దించే అలవాటు అంతకుముందే ఉంది. ప్రయోగం చెయ్యకుండా ఫలితం రాయడం మనకు ఏ యంత్రమూ నేర్పలేదు. దించే పని ఇప్పుడు చులకనయింది, అంతే. అర్ధరాత్రి సందేహం వస్తే అడగడానికి దిక్కులేని గురజాల పిల్లకు అటువంటి యంత్రం నిజంగా ఆసరా కావచ్చు. కాని అది చెప్పిన జవాబును దేనితో సరిచూసుకుంటుంది? చేతిలో తీగా, ఎదుట మోటారూ లేకపోతే ఆ జవాబు మరొక ప్రియదర్శిని. పైగా ఆ యంత్రం గాలిలోంచి పుట్టలేదు. కోట్లాది మంది రాసినదాన్ని పోగుచేసి, మంచిచెడ్డలు ఏరిపెట్టే పనికి కెన్యాలోనూ మనదేశంలోనూ తక్కువ కూలికి మనుషులను పెట్టి దాన్ని తయారుచేశారు. చాపెక్ మాట అక్షరాలా నిజమయింది: రోబో వెనక వెట్టి ఉంది.

మిరపచేల మీద ఇప్పుడు డ్రోన్లు మందు కొడుతున్నాయి. మందు ముఖాన పడకుండా తప్పించుకున్న కూలీ ఆ రోజు కూలినీ పోగొట్టుకున్నాడు. ఈ రెండు సంగతులూ ఒకే కథలో పట్టగల రచయిత మనకు కావాలి. రేపు కాలువ తూములు ఎంతసేపు తెరవాలో కంప్యూటరు నిర్ణయించే ఏర్పాటు జరిగిందనుకుందాం. దానికి వెనకటి ఏళ్ళ లెక్కలు నేర్పాలి. ఆ లెక్కల్లో ఎగువ రైతు రాత్రిపూట కొట్టిన గండి ఉండదు, చివరి భూముల రైతు ఎండగట్టుకున్న చేను 'సాగు లేదు' అని నమోదయి ఉంటుంది. యంత్రం తెలివిగా, నిష్పక్షపాతంగా, సాగులేని చోటికి నీళ్ళు అక్కరలేదని తేలుస్తుంది. ఆ ఉదయం ఎండిన పిల్లకాలువ గట్టుమీద నిలబడ్డ రైతూ, వైండింగ్ షాపు కుర్రవాడూ, సెలవులకు ఇంటికొచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థినీ ఏం మాట్లాడుకుంటారు?