ఆవులకు ఉత్తరదిక్కు తెలియునా?

మేయుచున్న పశువుల వెంట తిరుగకయే వాటి నడవడిని పరిశీలించుటకు నేడు ఉపగ్రహ చిత్రములు తోడ్పడుచున్నవి. 2008లో సబీనె బెగాల్, హినెక్ బుర్దా ప్రభృతులు గూగుల్ ఎర్త్ చిత్రములలో 308 చోట్ల 8,510 పశువులను చూచి, అవి ఎక్కువగా ఉత్తర-దక్షిణములుగా నిలుచునని ప్రకటించిరి. భూఅయస్కాంతమే కారణమని ఊహించిరి.

ఈ వింతను నేనును తరగతిలో చెప్పితిని. తొందరపడితిని. 2011లో చెక్ శాస్త్రజ్ఞులు అటువంటి చిత్రములనే మరల కొలిచి, అట్టి వరుస కానరాలేదనిరి. ఆ చిత్రములలో పెక్కు అస్పష్టములనియు, కొన్ని వాలునేలలవనియు, విద్యుత్తీగెల దాపువనియు మొదటివారు బదులు చెప్పిరి. కావచ్చును. కాని ఏ చిత్రము పనికివచ్చునో కొలువక మునుపే నిర్ణయింపవలదా? కొలుచువానికి ఉత్తరమేదో తెలియకుండ చిత్రమును త్రిప్పి యిచ్చుట ఇంకను మేలు.

మన శృంగవరపుకోట వద్ద చిక్కు మరియొకటి. కనుమల వాలున పశువులు నిట్టనిలువుగా ఎక్కవు, కొండకు అడ్డముగా నడచుచు మేయును. కొండవరుస ఈశాన్యమునకు సాగినచోట అవియు అటే నిలిచినచో, కారణము అయస్కాంతమా, వాలా? మెడకు జి.పి.ఎస్. పట్టెడ కట్టినను అది చోటునే తెలుపును. నిలిచియున్న ఆవు ముఖమెటో తెలుపదు.

దిక్సూచి గల విద్యార్థులు చదునునేలపై, కట్టివేయని పశువులను లెక్కింపవచ్చును. గాలి ఎటు వీచుచున్నదో, ఎండ ఎటున్నదో కూడ వ్రాసికొనవలెను. మధ్యాహ్నము మాత్రము వలదు. అప్పుడవి నీడకొరకే చూచును.